సైకియాట్రీ సీటు తీసుకోవాలా? ఈ రంగంలో పెద్దవాళ్ళు నిజంగా ఏం సాధించారు?

తెనాలి_కుర్రాడు
అందరికీ నమస్కారం. ఎంబీబీఎస్ అయింది. నీట్ పీజీ ర్యాంకుకి రేడియాలజీ రాదు, జనరల్ మెడిసిన్ వచ్చినా దూరంగా ఎక్కడో వస్తుంది. సైకియాట్రీ మాత్రం సొంత రాష్ట్రంలో, మంచి కాలేజీలోనే దొరికేలా ఉంది. నాకు ఇష్టమే. ఇంట్లోనే గోల. "పిచ్చాసుపత్రి డాక్టరుకి పిల్లనెవరిస్తార్రా" అని అమ్మ. "ఎర్రగడ్డలో ఉద్యోగమా?" అని బాబాయి వెటకారం. వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను.

నా సందేహం వేరే. గుండె డాక్టర్లని అడిగితే బైపాస్ అంటారు, స్టెంట్ అంటారు, చూపిస్తారు. ఇక్కడ ఫ్రాయిడ్ తప్ప జనానికి ఇంకో పేరు తెలీదు. ఈ రంగంలో పేరు మోసినవాళ్ళు ఏం చేశారు, ఎలాంటి పరిస్థితుల్లో చేశారు, వాళ్ళు చెప్పింది తర్వాత నిలబడిందా? పరీక్షలకి బట్టీపట్టే పేర్ల పట్టిక అక్కర్లేదు. అది నా దగ్గరే ఉంది.

వాల్తేరు_డాక్టర్
బాబూ, నేను ఈ పనిలోనే తల నెరిసినవాణ్ణి, ఇప్పుడు రిటైరయ్యాను. నీకు జాన్ కేడ్ కథ చెబుతాను. మిగతావి తర్వాత చూద్దాం.

కేడ్ ఆస్ట్రేలియావాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళకి చిక్కి మూడున్నరేళ్ళు సింగపూర్ చాంగీ చెరలో ఉన్నాడు. అక్కడ తోటి ఖైదీలని చూసి, మతి తప్పడానికి ఒంట్లో ఏదో రసాయనం కారణమై ఉంటుందని గట్టిగా నమ్మాడు. తిరిగొచ్చాక మెల్‌బోర్న్ దగ్గర బుండూరా ఆసుపత్రిలో వాడకం లేని వంటసామాన్ల గదిని ప్రయోగశాల చేసుకున్నాడు. మేనియా (పట్టలేని హుషారుతో మనిషి అదుపు తప్పే జబ్బు) రోగుల మూత్రం సేకరించి ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టేవాడట. ఆ ఇల్లాలి ఓర్పుకి దణ్ణం పెట్టాలి.

ఆ మూత్రాన్ని గినీపిగ్‌లకి ఎక్కించి విషం ఎంతో చూసేవాడు. యూరిక్ ఆమ్లం పాత్ర తేల్చాలంటే అది నీళ్ళలో కరగదు. కరిగే లవణం కోసం, లిథియం అనే లోహంతో చేసిన లిథియం యూరేట్ తీసుకున్నాడు. లిథియం ఎక్కించాక కాసేపటికి గినీపిగ్‌లు నెమ్మదించి, వెల్లకిలా తిప్పి పడుకోబెట్టినా గింజుకోకుండా ఊరికే చూస్తూ ఉండిపోయాయి. అనుకున్నది యూరిక్ ఆమ్లం గురించి, పని చేసింది లిథియం. ముందు తనే మింగి చూసుకుని, 1948 మార్చిలో మొదటి రోగికి ఇచ్చాడు. యాభై ఒక్క ఏళ్ళ మనిషి, ఐదేళ్ళుగా ఆగని మేనియా, వార్డులో ఎవరికీ కొరుకుడు పడనివాడు. మూడు నెలలు దాటేసరికి ఇంటికెళ్ళి పాత ఉద్యోగంలో చేరాడు. 1949లో పది మంది మేనియా రోగుల వివరాలతో కేడ్ వ్యాసం మెడికల్ జర్నల్ ఆఫ్ ఆస్ట్రేలియాలో వచ్చింది.

నేను లిథియం మీద ఏళ్ళ తరబడి నిలబడ్డ మనుషుల్ని చూశాను. బడిపంతుళ్ళు, బ్యాంకు మేనేజర్లు, ఒక హార్బరు క్రేన్ ఆపరేటరు. ఏం కనిపెట్టారు అంటే నేను మొదట చూపించేది ఇదే.

గణాంకాల_గంగాధర్
డాక్టరుగారు కథ మధ్యలో ఆపేశారు. ఆ మొదటి రోగి తర్వాత మందు మానేశాడు, జబ్బు తిరగబెట్టింది, మళ్ళీ మొదలుపెట్టారు, చివరికి 1950లో లిథియం విషమెక్కే చనిపోయాడు. దాంతో కేడ్ తన ఆసుపత్రిలో ఆ మందు వాడకమే ఆపేశాడు. అదే 1949లో అమెరికాలో గుండెజబ్బు రోగులు ఉప్పుకి బదులు లిథియం లవణం వాడి కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎవరైనా ఆ మందు జోలికి వెళ్తారా?

లిథియంని బతికించినవాళ్ళు వేరు. మెల్‌బోర్న్‌లోనే ట్రౌట్నర్ బృందం రక్తంలో దాని స్థాయి కొలుస్తూ ఇస్తే ప్రమాదం తగ్గుతుందని 1951లో చూపించింది. డెన్మార్క్‌లో మోగెన్స్ షౌ 1954లో, ఎవరికి మందు ఎవరికి ఉత్తి బిళ్ళ అన్నది కొంతమంది విషయంలో నాణెం ఎగరేసి తేల్చి పరీక్షించాడు. షౌ తమ్ముడికే పదే పదే దిగులు తిరగబెట్టే జబ్బు. లండన్ మాడ్‌స్లీలో మైకేల్ షెపర్డ్ ఇదే పట్టుకున్నాడు: తమ్ముడు బాగుపడ్డాడని నమ్మినవాడి లెక్క మేమెలా నమ్మాలి అని. 1968లో లాన్సెట్‌లో, తిరగబెట్టకుండా లిథియం ఆపుతుందన్న మాట ఇంకో భ్రమేమో అని బ్లాక్‌వెల్‌తో కలిసి రాశాడు. జవాబుగా షౌ, బాస్ట్రప్ ఇంకా గట్టి పరీక్ష చేశారు. లిథియంతో నిలకడగా ఉన్నవాళ్ళలో కొందరికి తెలియకుండా ఉత్తి బిళ్ళ మార్చారు. ఉత్తి బిళ్ళ వాళ్ళకి తిరగబెట్టింది, లిథియం వాళ్ళకి లేదు. అమెరికా అనుమతి 1970లో వచ్చింది.

నా ఓటు షెపర్డ్‌కి కూడా ఉంది. అతను ఓడిపోయాడు, కానీ అతను అడ్డం పడకపోతే ఆ పరీక్ష అంత పకడ్బందీగా జరిగేది కాదు.

వాల్తేరు_డాక్టర్
గంగాధర్‌గారూ, ఒప్పుకుంటాను. కానీ వంటసామాన్ల గదిలో కూర్చున్న మనిషి లేకపోతే నాణెం ఎగరేయడానికి ఏముంది?

మందులషాపు_మూర్తి
ఆస్ట్రేలియా, డెన్మార్క్ అంటున్నారు. మన సర్పగంధి సంగతి ఎవరూ ఎత్తరే? పాము కాటుకీ మతిభ్రమణానికీ ఆ వేరు వాడటం మనవాళ్ళకి ఎప్పటినుంచో ఉంది. కనిపెట్టింది మనం, డబ్బు చేసుకుంది స్విట్జర్లాండ్ కంపెనీ.

వాల్తేరు_డాక్టర్
మూర్తిగారూ, సగం నిజం, సగం పౌరుషం. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఆ వేరు మతిభ్రమణానికీ రక్తపోటుకీ పనికొస్తుందని వైద్యపత్రికలో రాశారు. బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రక్తపోటు మీద రాస్తే ప్రపంచం చూసింది. 1952లో సీబా కంపెనీ రిసర్పిన్ అనే పదార్థాన్ని విడదీసింది. న్యూయార్క్ సైకియాట్రిస్టు నేథన్ క్లైన్‌కి ఇది మానసిక రోగులకి వాడొచ్చన్న ఆలోచన, అహ్మదాబాద్ డాక్టర్ హకీం పని గురించి పేపర్లో వచ్చిన వార్త చదివాకే వచ్చింది. 1957 లాస్కర్ అవార్డు పంచుకున్నవాళ్ళలో క్లైన్‌తో పాటు వకీల్ కూడా ఉన్నారు. మరీ ఎవరూ గుర్తించలేదనడం కుదరదు.

మందుగా రిసర్పిన్ నిలబడలేదు. ఉన్మాదానికిచ్చే ఇంకో మందు క్లోర్‌ప్రొమజైన్ దాన్ని పక్కకి తోసేసింది. రక్తపోటుకి వాడినవాళ్ళలో కొందరికి దిగులు పట్టుకుంటోందన్న అనుమానం వచ్చింది. విచిత్రమేమిటంటే ఆ అనుమానమే పరిశోధనకి దారి తీసింది. రిసర్పిన్ మెదడులో సెరటోనిన్, నారడ్రినలిన్ నిల్వల్ని ఖాళీ చేస్తుంది. దిగులుకి అవి తగ్గడమే కారణమా అని వెతకడం అక్కడ మొదలైంది. ఆ సిద్ధాంతం ఇప్పుడు అంత సూటిగా ఎవరూ చెప్పరు, అది వేరే చర్చ.

లీడ్స్_సుజాత
నేను ఇంగ్లండ్‌లో మెంటల్ హెల్త్ నర్సుని, ఊరు భీమవరం దగ్గర. మందుల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఆరన్ బెక్ పేరు కలుపుతాను.

బెక్ మొదట్లో పక్కా ఫ్రాయిడ్ శిష్యుడు, పెన్సిల్వేనియా యూనివర్సిటీలో పని. దిగులు అంటే తన మీదకే తిప్పుకున్న కోపం, వాళ్ళకి లోపల బాధపడాలనే కోరిక ఉంటుంది అని ఆ సిద్ధాంతం. దాన్ని రుజువు చేద్దామని బెక్ రోగుల కలలు సేకరించాడు. కలల్లో కోపం కనపడలేదు. పోగొట్టుకోవడం, ఓడిపోవడం, నిరాశ కనపడ్డాయి. పోనీ అని చిన్న పని ఇచ్చి గెలిపించి చూశాడు. బాధ కోరుకునేవాళ్ళయితే గెలుపు సహించకూడదు కదా? వాళ్ళు తేరుకున్నారు, తర్వాతి పని ఇంకా బాగా చేశారు.

నాకు బాగా గుర్తుండేది ఇంకోటి. ఒకావిడ బెక్ గదిలో పడుకుని తన ప్రేమ వ్యవహారాలు చెబుతూ కంగారు పడుతోంది. గురువుల లెక్క ప్రకారం ఆ విషయాలే కంగారుకి మూలం. గుచ్చి అడిగితే ఆవిడ చెప్పింది: "మీకు విసుగు పుట్టిస్తున్నానేమో అనిపిస్తోంది." మాట్లాడే మాటల కింద ఇంకో మాట పరిగెడుతూ ఉంటుంది, అడిగితే గాని పైకి రాదు. అప్పటినుంచి అడగడం మొదలుపెట్టాడు. ఆ పద్ధతికే కాగ్నిటివ్ థెరపీ అని పేరు. దిగులు ఎంతుందో కొలవడానికి 1961లో ఆయన తయారుచేసిన ఇరవై ఒక్క ప్రశ్నల పత్రాన్ని మేం ఇప్పటికీ రూపం మార్చి వాడుతున్నాం. 1977లో దిగులుకిచ్చే ఇమిప్రమిన్ మాత్రతో పోటీ పెట్టి తన పద్ధతి దానికి తీసిపోలేదని చూపించారు. సైకోఅనాలిసిస్ సంస్థ ఒకటి, ఇంత తక్కువ కాలంలో నయమైందంటున్నాడని అనుమానించి సభ్యత్వం ఇవ్వలేదట. 2021లో నూరేళ్ళు నిండాక పోయాడు.

ఇంగ్లండ్‌లో 2008 నుంచి ఈ పద్ధతిని ప్రభుత్వ ఖర్చుతో ఊరూరా ఇస్తున్నారు. సైకాలజిస్టు డేవిడ్ క్లార్క్, ఆర్థికవేత్త రిచర్డ్ లేయార్డ్ పట్టుబట్టి పెట్టించారు. ప్రతి సెషన్‌కి స్కోరు రాయాల్సిందే. మాకు చిరాకే గానీ, ఎవరు కోలుకున్నారో ఎవరు లేదో లెక్క ఉంటుంది.

నిజం_చెప్తా
ఇదంతా బాకా. సైకియాట్రీ శాస్త్రమే కాదు. 1973లో రోజెన్‌హన్ అనే అమెరికా సైకాలజిస్టు ఏం చేశాడో చదవండి. ఎనిమిది మంది మామూలు మనుషులు "చెవిలో ఏవో మాటలు వినపడుతున్నాయి" అని చెప్పి పన్నెండు ఆసుపత్రుల్లో చేరారు. ఒక్క డాక్టరూ పట్టుకోలేకపోయాడు. బాగున్నవాడికీ బాగోలేనివాడికీ తేడా తెలీనివాళ్ళు జబ్బులకి పేర్లు పెడతారా? తమ్ముడూ, డెర్మటాలజీ చూసుకో.

గణాంకాల_గంగాధర్
ఆ వ్యాసం సైన్స్ పత్రికలో వచ్చినప్పుడు గుండెలు పగిలిన మాట నిజమే. కానీ మీరు 1973 దగ్గరే ఆగిపోయారు. 2019లో సుసానా కహలాన్ అనే పాత్రికేయురాలు రోజెన్‌హన్ కాగితాలు తవ్వింది. ఆ ఎనిమిది మందిలో చాలామంది ఆచూకీయే దొరకలేదు. పైగా రోజెన్‌హన్ స్వయంగా చేరిన ఆసుపత్రి రికార్డు చూస్తే, వ్యాసంలో రాసినదాని కంటే చాలా ఎక్కువ లక్షణాలే డాక్టరుకి చెప్పుకున్నాడు. అది బయటపెట్టిన ఆవిడ సైకియాట్రీ వకీలేమీ కాదు. తన మెదడు వాపు జబ్బుని మానసిక జబ్బుగా పొరబడితే చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషి.

అయినా ఆ దెబ్బ వల్ల మంచే జరిగింది. రోజెన్‌హన్‌ని గట్టిగా ఎదుర్కొన్న సైకియాట్రిస్టు రాబర్ట్ స్పిట్జర్‌కి అసలు లోపం బాగా తెలుసు: ఒకే రోగిని ఇద్దరు డాక్టర్లు చూస్తే రెండు పేర్లు చెప్పేవాళ్ళు. ఆ తేడా కొలిచే పనిలో అతను ముందే ఉన్నాడు. 1980లో, అమెరికా సైకియాట్రిస్టుల జబ్బుల పుస్తకం డీఎస్ఎం మూడో కూర్పు అతని నాయకత్వంలోనే వచ్చింది, ఏ జబ్బుకి ఏ లక్షణాలు ఎన్ని ఉండాలో రాసిపెట్టింది. ఇష్టం లేకపోయినా ఇవాళ అందరూ ఆ దారిలోనే నడుస్తున్నారు.

స్పిట్జర్ దేవుడేం కాదు. స్వలింగ సంపర్కం జబ్బు కాదని 1973లో పుస్తకంలోంచి తీయించిన మనిషే, 2003లో కొందరు ఆ ధోరణి మార్చుకోగలరని టెలిఫోన్ ఇంటర్వ్యూల మీద ఆధారపడి వ్యాసం వేశాడు. వాళ్ళు చెప్పింది నిజమో కాదో తేల్చే దారే లేదు. 2012లో, ఎనభయ్యో పడికి చేరువలో, రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాడు.

ఇంకోటి కూడా చెప్తాను, కుర్రాడికి పనికొస్తుంది. 1930ల నుంచి స్కిజోఫ్రీనియాకి (లేని మాటలు వినపడి, లేనిపోని అనుమానాలు పట్టుకునే జబ్బు) ఇన్సులిన్ ఇచ్చి స్పృహ తప్పించే వైద్యం ఒకటి ఉండేది. పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో దానికి ప్రత్యేక వార్డులు. 1953లో హెరాల్డ్ బోర్న్ అనే కుర్ర డాక్టరు లాన్సెట్‌లో, ఇదంతా భ్రమ అని రాశాడు. పెద్దలు విరుచుకుపడ్డారు. 1957లో ఆక్నర్ బృందం సగం మందికి ఇన్సులిన్‌తోనూ సగం మందికి బార్బిట్యురేట్ అనే నిద్రమందుతోనూ స్పృహ తప్పించి చూస్తే తేడా ఏమీ రాలేదు. దాంతో ఆ వార్డులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నిజం చెప్తా గారూ, పట్టుకున్నది బయటివాళ్ళు కాదు, ఆ ఇంటి పిల్లలే.

నిజం_చెప్తా
నోబెల్ ఇచ్చిన లోబాటమీ, అదే మెదడు ముందుభాగంలో నరాలు కోసే ఆపరేషన్, మాటేమిటి మరి? అదీ ఇంటి పిల్లలే ఆపారా?

వాల్తేరు_డాక్టర్
అది మొదలుపెట్టిన మోనిజ్‌కి 1949లో ఇచ్చారు, ఆయన న్యూరాలజిస్టు. ఆ మచ్చ మా మీదా ఉంది, కాదనను. దాన్ని ఆపింది ఎక్కువగా క్లోర్‌ప్రొమజైన్ రావడమే, ఎవరి విజ్ఞతా కాదు.

కరీంనగర్_అక్క
నేను డాక్టర్‌ని గాదు. మా తమ్మునికి స్కిజోఫ్రీనియా. డిగ్రీల ఉన్నప్పుడు మొదలైంది. అన్నంల ఏదో కలిపిన్రని తినకపోవుడు, రాత్రంత గోడతోని మాట్లాడుడు. ఒక పెద్ద ప్రైవేటు దవాఖానకు ఏండ్లకేండ్లు తిరిగినం. మందులు మారుస్తనే ఉన్నరు, రెండు మూడు కలిపి ఇస్తనే ఉన్నరు. క్లోజపిన్ అనే మందు ఉందని మాకు ఎవ్వలు చెప్పలే. ఆఖరికి సర్కారు దవాఖానల ఒక చిన్న మేడమ్, పీజీ చేస్తున్న పిల్లనే, పాత చీటీలన్ని ముంగట పరుచుకొని, "అమ్మా, రెండు మందులు సరిపడ మోతాదుల సరిపడ దినాలు వాడిన్రు, పని జెయ్యలే, ఇగ ఇదే" అన్నది. వారం వారం రక్తపరీక్ష, పద్దెనిమిది వారాలు. తెల్లకణాల లెక్క చీటీల మీద చీటీలు గుచ్చిన ఫైలు ఇప్పటికి బీరువల ఉన్నది. ఇప్పుడు నెలకొక్కసారి. తమ్ముడు కిరాణం దుకాణంల లెక్కలు రాస్తున్నడు. నోట్లె నుంచి సొంగ కారుడు, లావైండు, అవి ఉన్నయి.

ఈ మందు సంగతి ఎవరు తేల్చిన్రు? ఇంత మంచిగ పనిజేసేది ఉంటే మొదలే ఎందుకియ్యరు?

వాల్తేరు_డాక్టర్
అక్కా, మొదటే ఎందుకివ్వరో మీ ఫైలే చెబుతోంది. ఆ మందు కొందరిలో తెల్లరక్తకణాల్ని ప్రమాదకరంగా పడేస్తుంది. 1975లో ఫిన్లాండ్‌లో దానివల్ల కొందరు చనిపోయారు. చాలా దేశాల్లో అటకెక్కించేశారు. అమెరికాలో జాన్ కేన్, హెర్బర్ట్ మెల్ట్‌జర్, వాళ్ళ తోటివాళ్ళు దాన్ని వదల్లేదు. వేరే మందులకి లొంగని రోగుల్నే ఎంచుకుని, ముందు ఇంకో మందు గట్టి మోతాదులో ఇచ్చి అది పనిచేయదని రూఢి చేసుకుని, అప్పుడు సగం మందికి క్లోజపిన్, సగం మందికి క్లోర్‌ప్రొమజైన్ ఇచ్చారు. ఆరు వారాల్లో క్లోజపిన్ వాళ్ళలో 30 శాతం మెరుగుపడ్డారు, రెండో గుంపులో 4 శాతం. 1988 నాటి మాట. ఆ మేడమ్ మీ చీటీలు పరిచి లెక్క చూసింది ఆ పరీక్ష చూపించిన దారిలోనే. రక్తపరీక్ష ఖర్చు, భయం, ఫైలు మోయడం ఇష్టంలేక డాక్టర్లు వాయిదా వేస్తూ పోవడం మన దగ్గరే కాదు, ప్రపంచమంతా ఉన్న జాడ్యం.

లీడ్స్_సుజాత
అక్కా, ఇంట్లో వాతావరణం మీద కూడా గొప్ప పని జరిగింది. లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సమాజశాస్త్రవేత్త 1950ల్లో ఆసుపత్రుల నుంచి ఇంటికెళ్ళినవాళ్ళని వెంబడించి చూశాడు. అద్దెగదికి వెళ్ళినవాళ్ళ కంటే అమ్మానాన్నల దగ్గరికో పెళ్ళాం దగ్గరికో వెళ్ళినవాళ్ళకే ఎక్కువ తిరగబెట్టింది! అందరూ తెల్లబోయారు. ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించి, ఎన్నిసార్లు దెప్పారు, ఏ గొంతుతో దెప్పారు అన్నది టేపుల్లో విని లెక్కపెట్టారు. జూలియన్ లెఫ్, క్రిస్టీన్ వాన్ 1976లో అదే మళ్ళీ చూపించారు.

కరీంనగర్_అక్క
సుజాతా, అంటే తప్పు మాదే అంటున్నరా? మా అమ్మ వాని ఎనుక ఎంత తిప్పలు పడ్డదో నాకెరుక.

లీడ్స్_సుజాత
అయ్యో లేదక్కా. జబ్బు రావడానికి ఇంటివాళ్ళు కారణమని వాళ్ళెప్పుడూ అనలేదు. ఇంటివాళ్ళకి జబ్బు గురించి చెప్పి, దెప్పకుండా ఎలా నెట్టుకురావాలో నేర్పితే తిరగబెట్టడం తగ్గిందని లెఫ్ తర్వాత పరీక్ష చేసి చూపించాడు. ఇంకోమాట, ఇదే కొలబద్ద చండీగఢ్ తీసుకెళ్ళి విగ్ గారితో కలిసి చూస్తే, అక్కడి ఇళ్ళల్లో ఆ దెప్పుడు లండన్ కంటే చాలా తక్కువ.

తెనాలి_కుర్రాడు
ఇంత వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. సార్, మన దేశంలో ఈ పని చేసినవాళ్ళ గురించి చెప్పండి. విగ్ అంటే ధాతు సిండ్రోమ్ (వీర్యం పోతోందన్న బెంగతో వచ్చే బాధ) విగ్ గారేనా?

వాల్తేరు_డాక్టర్
ఆయనే. పరీక్షలో ధాతు సిండ్రోమ్ ఒక్కటే అడుగుతారు కాబట్టి పిల్లలకి అదొక్కటే గుర్తు. 1963లో చండీగఢ్ పీజీఐలో విభాగం మొదలుపెట్టిన మనిషి. 1970ల్లో హర్యానాలో రాయ్‌పూర్ రాణీ అనే బ్లాకులో, మామూలు ఆరోగ్య కేంద్రం సిబ్బందికి మూర్ఛ, ఉన్మాదం, దిగులు గుర్తుపట్టడం నేర్పి, నాలుగైదు మందులతో ఎంతవరకు చూడగలరో పరీక్షించారు. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళు అదే పని సకల్వారలో చేశారు, తర్వాత ఆర్. శ్రీనివాసమూర్తి గారి బృందం బళ్ళారి జిల్లా మొత్తానికి పాకించింది. వీటి మీద నిలబడే 1982 జాతీయ కార్యక్రమం, 1996 జిల్లా కార్యక్రమం వచ్చాయి. ఆ 1996లో దేశం మొత్తం మీద ముందుగా ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటని ఎంతమందికి తెలుసు?

అందరికంటే ముందు తలుచుకోవాల్సినవాడు అమృత్‌సర్ విద్యాసాగర్. దేశ విభజన అయింది, లాహోర్ పిచ్చాసుపత్రిలోని హిందూ సిక్కు రోగుల్ని ఇటు పంపారు. ఆసుపత్రి కిటకిటలాడుతోంది, సిబ్బంది లేరు, మంచాల్లేవు. ఆయన ఆవరణలో గుడారాలు వేయించి, రోగితో పాటు ఇంటివాళ్ళని కూడా వచ్చి ఉండమన్నాడు. సాయంత్రాలు అందరినీ కూర్చోబెట్టి జబ్బు గురించి పంజాబీలో మాట్లాడేవాడు. తల్లి దగ్గరుంటే రోగి తింటాడు, వైద్యం చూసిన తల్లి ఇంటికెళ్ళాక మందు ఆపదు, కొడుకుని అక్కడే వదిలేసి పోవడమన్నది ఉండదు. అప్పటికి యూరప్‌లో ఇంటివాళ్ళని గేటు బయటే ఆపేవాళ్ళు. ఆయన పెద్దగా ఏమీ రాసుకోలేదు. చూసొచ్చినవాళ్ళు రాసిందే మనకి మిగిలింది. వెల్లూరులో రోగితో పాటు ఇంటిమనిషి ఉండాలన్న నియమం మనవాళ్ళు చాలామందికి అనుభవమే, అదీ ఆ రోజుల్లో మొదలైన పద్ధతే.

అలాంటిదే నైజీరియాలో ఇంకోటి. థామస్ అడియోయే లాంబో 1954లో అబెయొకుటా దగ్గర ఆరోలో, రోగుల్ని చుట్టుపక్కల పల్లెల్లో ఇళ్ళల్లో ఉంచి పగలు ఆసుపత్రికి రప్పించేవాడు. వీళ్ళిద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసో లేదో నాకు అనవసరం. ఇద్దరికీ మంచాల్లేవు, అది చాలు.

మద్రాసు శారదా మీనన్ గారిని చెప్పకపోతే పాపం. కీల్పాక్ ఆసుపత్రికి 1961 నుంచి 1978 దాకా సూపరింటెండెంటు, మన దేశంలో మొదటి మహిళా సైకియాట్రిస్టు. వేలమంది రోగులున్న చోట అవుట్‌పేషెంట్ విభాగం, పని నేర్పే షెడ్లు పెట్టించారు. రిటైరయ్యాక 1984లో స్కిజోఫ్రీనియా రోగుల కోసం స్కార్ఫ్ సంస్థ పెట్టారు. 2021 డిసెంబరులో తొంభై ఎనిమిదేళ్ళ వయసులో పోయారు.

మందులషాపు_మూర్తి
మెదక్ సంగతి ఇప్పుడే వింటున్నా. మా షాపుకి వచ్చే చీటీల్లో సగం నిద్రమాత్రలే, రాసేది సైకియాట్రిస్టు కాదు. జిల్లాకి ఒక డాక్టరుతో ఏమవుతుంది సార్?

లీడ్స్_సుజాత
దానికే గదా మూర్తిగారూ సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ పని. గోవాలో 1996లో సంగత్ సంస్థ పెట్టిన బృందంలో ఆయనొకరు. డాక్టర్లు కాని స్థానికులకి కొన్ని వారాలు తర్ఫీదిచ్చి, దిగులుతో ఉన్నవాళ్ళతో ఆరేడు సార్లు కూర్చుని మాట్లాడించే పద్ధతి తయారుచేశారు. ఇలాంటిదే జింబాబ్వే మాటొకటి. అక్కడ డిక్సన్ చిబండా అనే సైకియాట్రిస్టు దగ్గరికి రావాల్సిన ఒకమ్మాయి బస్సు ఛార్జీ లేక రాలేకపోయింది, ప్రాణం తీసుకుంది. అప్పుడాయన వైద్యమే బస్తీకి వెళ్ళాలని, హరారే శివారు ఎంబారేలో పద్నాలుగు మంది అవ్వలకి నేర్పి, ఆరోగ్యకేంద్రం బయట బెంచీ మీద కూర్చోబెట్టాడు. 2016లో జామా పత్రికలో దాని పరీక్ష ఫలితం వచ్చింది, అవ్వల దగ్గర కూర్చున్నవాళ్ళు బాగా తేరుకున్నారు.

గణాంకాల_గంగాధర్
గోవా మొదటి పెద్ద పరీక్ష, 2010 లాన్సెట్‌ది, చదివేటప్పుడు ఒకటి చూడండి. ప్రభుత్వ కేంద్రాల్లో తేడా స్పష్టంగా వచ్చింది. ప్రైవేటు డాక్టర్ల దగ్గర రాలేదు. ప్రైవేటులో ఇంటి డాక్టరు ముందే కాసేపు మాట్లాడతాడు, కాబట్టి కొత్తగా కలిసిందేమీ లేదని ఒక వివరణ. ఆ సగం ఫలితాన్ని దాచకుండా వేశారు, నాకు నచ్చింది అదే. పేదరికానికి వైద్యం పేరుతో మందు రాస్తున్నారని సైకియాట్రిస్టు డెరెక్ సమ్మర్‌ఫీల్డ్ లాంటివాళ్ళు ఈ ఉద్యమం మొత్తాన్నీ విమర్శించారు. ఆ వాదన కొట్టిపారేసేది కాదు.

నెల్లూరు_టీచరమ్మ
ఇంటర్ ఫలితాలొచ్చే వారం మా కాలేజీలో మేం ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకుంటాం. ఆత్మహత్యలు ఆపడానికి చెన్నైలో స్నేహ సంస్థ పెట్టిన సైకియాట్రిస్టు లక్ష్మీ విజయకుమార్ గారి పేరు ఎవరూ చెప్పలేదేమిటి? తప్పిన పిల్లలు ఏడాది ఆగకుండా నెల రోజుల్లో మళ్ళీ రాసుకునే ఏర్పాటు తమిళనాడులో రావడం వెనక ఆవిడ పట్టుదల ఉంది. పల్లెల్లో పురుగుమందు డబ్బాలు ఇంట్లో కాకుండా ఊరుమ్మడి గదిలో, లాకర్లలో పెట్టించి చూసిన పరిశోధన కూడా ఆవిడదే. ఆ క్షణం దాటిస్తే చాలామంది బతుకుతారని, ఆ క్షణంలో చేతికి అందకుండా చేయడం కూడా వైద్యమేనని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు.

అడ్మిన్
టీచరమ్మ గారి పోస్టు చూశాక ఒకటి చెప్పాలి. ఎవరికైనా మనసు బాగోకపోతే టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, ఉచితం. మందుల మోతాదులు అడుగుతూ నాకు పర్సనల్ మెసేజులు పెడుతున్నారు. ఇక్కడ ఎవరూ మోతాదులు చెప్పకూడదు, అడగకూడదు. లిథియం వాడేవాళ్ళు ఎవరో ఎండాకాలం గురించి అడిగారు, దానికి మాత్రం డాక్టరుగారు జవాబిస్తారు.

వాల్తేరు_డాక్టర్
చెమటలు బాగా పట్టి, నీళ్ళు సరిగా తాగకపోయినా, వాంతులు విరేచనాలైనా లిథియం రక్తంలో పెరుగుతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా కొని వేసుకున్నా పెరుగుతుంది. ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు. చేతులు ఎక్కువగా వణికినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా ఆ రోజే డాక్టర్ని కలిసి లెవెల్ చూపించుకోవాలి. మూర్తిగారూ, లిథియం చీటీతో వచ్చినవాళ్ళకి ఆ నొప్పి మాత్రలు ఇవ్వకండి.

మందులషాపు_మూర్తి
ఇవ్వను సార్. ఈ రోజే కౌంటరు దగ్గర కాగితం అంటిస్తా.

తెనాలి_కుర్రాడు
సార్, చివరి ప్రశ్న. సీటు తీసుకుంటే మూడేళ్ళలో థీసిస్ చేయాలి. గినీపిగ్‌లూ లేవు, గ్రాంట్లూ ఉండవు. మాలాంటివాళ్ళు చేయగలిగింది ఏముంటుంది?

వాల్తేరు_డాక్టర్
స్కార్ఫ్‌లో తారా గారి బృందం ఏం చేసిందో చూడు. 1980ల మొదట్లో మద్రాసులో మొదటిసారి స్కిజోఫ్రీనియా వచ్చిన తొంభై మందిని పట్టుకుని, పదేళ్ళకి, ఇరవై ఏళ్ళకి, పాతికేళ్ళకి మళ్ళీ మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళారు. ఇల్లు మారితే పక్కింటివాళ్ళని అడిగారు. పెళ్ళయిందా, ఉద్యోగం నిలిచిందా, మందు వాడుతున్నారా అని రాసుకున్నారు. పాతికేళ్ళు నీకు లేవు. కానీ మీ కాలేజీ ఓపీలో క్లోజపిన్ మొదలుపెట్టేముందు ఒక్కో రోగి ఎన్నేళ్ళు వేరే మందుల మీద తిరిగాడో పాత చీటీలు చూసి లెక్కగట్టు. కరీంనగర్ అక్క చెప్పిన కథ ఎంతమందిదో తెలుస్తుంది. ఎథిక్స్ కమిటీకి కూడా ఇబ్బంది ఉండదు.

కరీంనగర్_అక్క
చెయ్యి బిడ్డా. మా ఫైలు కావాలంటే నేనే జిరాక్స్ తీసి పంపుత.

గణాంకాల_గంగాధర్
చీటీలు పారేసుకున్నవాళ్ళు ఎంతమందో కూడా రాసుకోవాలి. లేకపోతే ఫైళ్ళు జాగ్రత్తగా దాచుకున్న కుటుంబాల లెక్క ఒక్కటే వస్తుంది. ప్రోటోకాల్ రాశాక ఇక్కడ పెట్టు, శాంపిల్ సైజు నేను చూస్తాను.